అత్తమ్మ నోరు తెరవని ఆదివారాలు

చర్చి సేవ నేర్పే మా పాస్టరల్ కోర్సు పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో నిన్నొక సందేశం వచ్చింది. సంస్థ తరఫున ప్రత్యేక సంచిక వేస్తున్నారట, ఎవరేం సాధించారో రెండు వాక్యాల్లో రాసి ఫోటోతో పంపాలట. సాయంత్రానికల్లా గ్రూపు నిండిపోయింది. ఒకాయన రోములో డాక్టరేట్ చేశాడు. ఒకామె జైల్లో ఖైదీల మధ్య పనిచేస్తోంది. మాకు పాఠాలు చెప్పిన సిస్టర్‌గారి పుస్తకం వేరే బిషప్పుల మేత్రాసనాల్లో కూడా పాఠ్యపుస్తకమైందట. అందరికీ చప్పట్ల బొమ్మలు పెట్టీ పెట్టీ నా బొటనవేలు అలిసిపోయింది. నా వంతుకి ఏం రాయాలో తోచక ఫోన్ పక్కన పడేసి చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చుంటే, ఎప్పుడో పోయిన మా అత్తమ్మ గుర్తొచ్చింది.

ఆ కోర్సు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైన అద్దె గదిలో నడిచేది. కింద మైకులో బ్యాంకు పరీక్షల లెక్కలు, పైన మా వేదాంతం. నేను స్కూల్లో పిల్లలతో గొంతు చించుకుని, మన్సూరాబాద్‌లో ఉన్న ఇంటికి పోకుండా నేరుగా అక్కడికే వెళ్లి, వెనక బెంచీలో కూర్చుని కునుకు తీసేదాన్ని. రోగుల ఇంటికి వెళ్తే ఎలా కూర్చోవాలి, ఎంత తక్కువ మాట్లాడాలి అనేది సిస్టర్‌గారు నేర్పేవారు. కోర్సు అయ్యాక, ఆదివారం పూజ తర్వాత మంచం పట్టినవాళ్ల ఇళ్లకు దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం, తీసుకెళ్లే అనుమతి మాకు ఇచ్చారు. అది పెట్టిన చిన్న గుండ్రటి డబ్బీ మెడలో వేసుకుని బయల్దేరితే దారిలో కబుర్లు చెప్పకూడదు, ఎక్కడా ఆగకూడదు. ఎల్బీనగర్ చౌరస్తాలో ఆటో ఇరుక్కున్నప్పుడల్లా డ్రైవర్ తన కష్టసుఖాలన్నీ చెప్పుకునేవాడు. నేను ఉలకను, పలకను. "గింత గుస్స ఎందుకమ్మా, నేనేమన్న అన్ననా?" అని ఒకాయన పాపం బాధపడ్డాడు కూడా.

ఇంతా చేస్తే, సత్ప్రసాదం కోసం ఎదురుచూసే రోగి మా ఇంట్లోనే ఉంది. అత్తమ్మ తుంటి విరిగి మంచంలో పడింది. మొదటి ఆదివారం నేను డబ్బీ పట్టుకుని ముందు నిలబడితే, మందు వద్దనే పసిపిల్లలా పెదాలు బిగించింది. "ఫాదర్ ఒస్తె తీస్కుంట. నీ చేతుల మీద నాకద్దు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. రోజూ ఆమెకి ఒళ్లు తుడిచేవి, పక్కబట్టలు మార్చేవి ఈ చేతులే కదా! ఫాదర్‌గారి విచారణేమో, అంటే ఆయన చూసుకునే ప్రాంతం, అబ్దుల్లాపూర్‌మెట్ దాకా ఉంది, నెలకొకసారి రావడమే గగనం. మా ఆయన్ని అడిగితే "అమ్మ సంగతి నీకు తెల్వదా" అని పేపరు వెనక దాక్కునేవారు.

కోర్సులో నా పక్కన కూర్చునే ఆమె గుంటూరు వైపు నుంచి వచ్చి కర్మన్‌ఘాట్‌లో బట్టలు కుడుతుండేది. నా గోడు విని పకపకా నవ్వింది. "మా అత్తగారూ అంతేనండీ, నా చేత్తో ఇస్తే మొహం తిప్పేసుకుంటారు. ఓ పని చేద్దాం. మీ అత్తగారికి నేనిస్తాను, మా అత్తగారికి మీరివ్వండి" అంది. అలా మేం అత్తల్ని మార్చుకున్నాం. పాచిక పారింది. ఆ పరాయి కోడలి ముందు మా అత్తమ్మ బుద్ధిగా చేతులు జోడించి ఆమెన్ అనేది. ఆమె వచ్చేదాకా చాయ్ కూడా ముట్టేది కాదు. సత్ప్రసాదానికి ముందు ఉపవాసం గంట చాలని ఎంత చెప్పినా వినదు. నేను వంటింట్లోంచి చూస్తూ పళ్లు నూరుకునేదాన్ని.

ఒక వానాకాలపు ఆదివారం కర్మన్‌ఘాట్ వైపు రోడ్లు మునిగాయి. ఆమె ఇటు రాలేకపోయింది, నేను అటు పోలేకపోయాను. వాళ్లత్తగారి కోసం తీసుకున్న సత్ప్రసాదం నా డబ్బీలోనే మిగిలిపోయింది. దాన్ని ఇంట్లో ఉంచుకోకూడదు. తడిసి ముద్దయి ఇంటికొచ్చేసరికి అత్తమ్మ ఇంకా చాయ్ తాగకుండా గుమ్మం వైపే చూస్తోంది.

"రోడ్డు మునిగింది అత్తమ్మా, ఆమె రాదు. నువ్వు చాయ్ తాగు. గిది నేను గుడికి వాపస్ తీస్కపోత" అన్నాను. అని ఊరుకోలేకపోయాను. "గీ చేతులు అన్నిటికి పనికొస్తయి. గీ ఒక్కదానికి ఎందుకు పనికిరావు?" కోపంగా కూడా అడగలేదు. అంత ఓపిక లేదు.

అత్తమ్మ మొహం గోడవైపు తిప్పుకుని అంది. "చేతుల సంగతి గాదే. నువ్వు ఒచ్చిన నాటి సంది నిన్ను తిట్టని రోజున్నదా? నీ ముంగట నోరెట్ల తెరుస్త? ముందుగాల నీకాడ మాఫీ అడగాలె గదా. ఫాదర్‌ను నేనెన్నడు తిట్టలె. ఆ బట్టలు కుట్టే పిల్లను గూడ తిట్టలె."

"నేనేమనుకుంటలేను అత్తమ్మా" అన్నాను.

"నువ్వనుకోకుంటె నా తప్పు పోతదా?" అని నా మణికట్టు పట్టుకుంది. "తప్పయింది బిడ్డా. మాఫ్ చెయ్."

ఇలాంటప్పుడు ఏమనాలో సిస్టర్‌గారు నేర్పారు. పరీక్షలో ఆ ప్రశ్నకి నాకు మంచి మార్కులే వచ్చాయి. ఆ పూట ఒక్క ముక్క గుర్తురాలేదు. మంచం అంచున కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.

"ఏడుస్తె ఎట్లనే? డబ్బీ తియ్యి. చాయ్ లేక పానం పోతున్నది" అంది అత్తమ్మ. కళ్లు తుడుచుకుని, చేతులు కడుక్కుని, ఇద్దరం కలిసి పరలోక జపం చెప్పుకున్నాం. "క్రీస్తు శరీరము" అన్నాను. ఆమె నోరు తెరిచింది.

మాఫ్ చెయ్ అనే ఆ ఒక్క మాట అనడానికి ఆమెకీ, వినడానికి నాకూ, నా కాపురంలో సగం కాలం పట్టింది. అన్నాక, అత్తమ్మ పోయేలోపు మాకు మిగిలినవి ఆ వానాకాలపు ఆదివారాలే.