చీటీ లేని నాలుగో మనిషి

పిల్లవాడు నిద్రపోయాడు. ఊపిరి ఆడుతోందో లేదోనని ఇప్పటికి మూడుసార్లు లేచి చూశాను. వీడికంటే ముందు నాకొక ఆడపిల్ల పుట్టింది. ఇరవై రోజులైనా బతకలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక మొదటిసారి జనాభా లెక్కలు వ్రాస్తున్న రోజులవి. రాయపూర్ రైల్వే క్వార్టర్లలో మా వరుస ఇళ్ల లెక్కకు ఒక హిందీ బడిపంతులు వచ్చేవారు. ఆయన జనగణన అనేవారు. ఉర్దూ చదువుకున్న పక్కింటి ముసలాయన మర్దుంషుమారీ అనేవాడు. విజయనగరం వైపు నుంచి వచ్చిన మా ఆడవాళ్లకు ఆ రెండు మాటలూ తెలియవు. తలుపుల మీద నంబర్లు వేసి పోతుంటే కొత్త పన్నేదో వస్తోందని హడలిపోయారు. కాలేజీలో చదువుకున్నదాన్నని పంతులుగారు నన్నే చెప్పమన్నారు. నిండు నెలలతో వసారాలో పీట వేసుకుని కూర్చుని చెప్పాను.

"అంటే జనాభా లెక్కలే. మనిషికో చీటీ వ్రాస్తారు. స్టేషన్ మాస్టరుకీ ఒకటే, చంటిబిడ్డకీ ఒకటే. ఎవరినీ వదలకూడదు."

"మరి నీ కడుపులోదానికో?" అని ఒకావిడ వేళాకోళమాడింది.

"అది బయటికొచ్చి కేరుమంటే దానికీ ఒకటి," అన్నాను. అందరం నవ్వుకున్నాం.

మా అమ్మ లేదు కనుక పురుడు అత్తవారింట్లోనే జరిగింది. బారసాల చేసి పేరు పెట్టేదాకా బిడ్డ ఉందని పైవాళ్లతో అనకూడదని మా అత్తగారి పట్టు. తన పిల్లల్లో ఇద్దరిని పురిట్లోనే పోగొట్టుకున్న మనిషి.

పాపకు పన్నెండో రోజున పంతులుగారు చీటీల కట్టతో వచ్చారు. అత్తగారు గడపలో నిలబడి మూడు వేళ్లు చూపించారు. "తీన్, బాబూ. నేను, నా కొడుకు, కోడలు."

పురిటిగదిలోకి వినబడుతూనే ఉంది. పాప ఏడవబోయింది. ఆ గొంతు బయటికి పోకుండా నేనే పాలు పట్టాను.

అత్తగారు లోపలికి వచ్చారు. "ఏటలా సూస్తావు? ఇరవయ్యొకటోనాడు పేరెట్టేక నువ్వే రాయించుకుందువుగాని. ఆ పంతులు మళ్లీ వస్తాడు కదేటి?"

నిజమే. మధ్యలో పుట్టినవాళ్లనూ పోయినవాళ్లనూ సరిచూడటానికి ఇంకొకసారి వస్తారు. సరేననుకున్నాను.

పద్దెనిమిదో రోజు జ్వరం వచ్చింది. మర్నాటికి పాప లేదు.

పంతులుగారు మళ్లీ వచ్చినప్పుడు నేనే గడప దాకా వెళ్లాను. ఇంట్లో కొత్తగా ఎవరైనా పుట్టారా అని హిందీలో అడిగారు.

"ఆడపిల్ల. ఆ రోజే ఉంది, చెప్పలేదు. చీటీ వ్రాయండి."

ఆయన కలం తీశారు. "బచ్చీ ఎక్కడుంది, బహూజీ?"

నేను ఖాళీ చేతులు చూపించాను. ఆయనకు అర్థమైంది.

"ఉన్నవాళ్లకే చీటీ. అప్పుడు వ్రాసి ఉంటే ఇప్పుడు కొట్టేసేవాణ్ణి. ఎలా చూసినా ముగ్గురే అవుతారు."

"కొట్టేసిన చీటీ అయినా ఉండేది కదా," అన్నాను.

వెనక నుంచి మా అత్తగారు వచ్చారు. వచ్చిన ఆ కాస్త హిందీ కూడా మరిచిపోయినట్టు తెలుగులోనే అన్నారు: "నలుగురం, బాబూ. ఆయేల నేను తప్పు సెప్పేను. రాసీ, నలుగురం." నాలుగు వేళ్లు ఎత్తి చూపించారు.

ఏమంటున్నారో చెప్పమన్నట్టు పంతులుగారు నా వైపు చూశారు. కాలనీ అంతటికీ చెప్పినదాన్ని, ఆ ఒక్కమాట ఆయనకు హిందీలో చెప్పలేకపోయాను.