తెర మీద కనిపించిన పాత స్టెంట్

మాది పలమనేరు. మూడేళ్ళ క్రితం ఒక ఉదయం మా ఆయన ఆవు దగ్గర గుండె పట్టుకుని కూలబడ్డాడు. మా అన్న, నేను తిరుపతిలోని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. యాంజియోగ్రామ్ చేసిన డాక్టరు మమ్మల్ని పిలిచి తెర చూపించారు.

"ఈడ సూడమ్మా, పాత స్టెంట్ మూసుకుపోయిండాది. ఇది యాడ వేయించినారు?"

"మా ఆయనకు ఎప్పుడూ వేయించలేదు సార్," అన్నాను.

పక్కనే ఉన్న అన్న తల దించుకున్నాడు. "రెండేళ్ళ కింద బెంగళూరులో వేయించినాం సుజాతా. సంతకం నేనే పెట్టినా. నువ్వు బయపడతావని బావ చెప్పొద్దన్న్యాడు."

"ఆవుల బేరమని వారం రోజులు పోయినారే, అప్పుడా?"

నేను ఐసీయూలోకి వెళ్ళాను.

లోపల ఆయన ఛాతీ నిండా తీగలు. నన్ను చూడగానే "చెప్పేసినాడా?" అన్నాడు. మానిటర్‌లో అంకె పెరిగి, కీచుమని మోగింది. "మాట్లాడించొద్దమ్మా," అంది నర్సు. అడగాల్సినదంతా మింగేశాను.

ఆయన కోలుకున్నాడు. నేను భయపడకూడదనే దాచారట. కానీ ఆ రెండేళ్ళూ పాల క్యాన్లు ఎత్తడానికి ఒళ్ళు వంగదా అని ఆయన్ని రోజూ తిట్టాను. మా అన్న ఎన్నోసార్లు పక్కనే కూర్చుని విన్నాడు, ఒక్కసారి కూడా ఆపలేదు. ఆయన్ని క్షమించాను గానీ, అన్నను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.