వదులు కాని కేబులు

ఆ రోజుల్లో సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్‌లో చేతికి ఒక సర్టిఫికెట్ వస్తే చాలు, మనిషి నడక మారిపోయేది. నాకైతే మాట కూడా మారింది. గుంటూరు నుంచి బెంగాల్ వచ్చి ఏడాది తిరక్కుండానే వర్చువల్ సర్వర్ల పరీక్ష పాసై, ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి బల్ల మీద నిలబెట్టుకున్నాను. (ఫ్యాను గాలికి అది రోజుకు నాలుగుసార్లు బోర్లా పడేది. నేను ఓపిగ్గా నిలబెట్టేవాణ్ణి.) ఇరవయ్యారేళ్ల వాడికి వినయం ఎవరు నేర్పగలరు? నేర్పబోయిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయనకు నేను చేసిన అన్యాయం ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పేస్తాను.

ఆఫీసులో అందరూ ఆయన్ని దాదా అనేవారు, బెంగాలీలో అన్నయ్య అని. సర్వర్ రూములో కేబుళ్ల పని ఆయనది. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి మునిసిపాలిటీ పనికి వచ్చి స్థిరపడిన కుటుంబం. తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవడం మాత్రం రాదు. ఎనిమిదేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. ఆ నెలలో పర్మనెంటు చేస్తామని మేనేజరు మాటిచ్చాడు. కేబులు పెట్టినప్పుడల్లా దాదా పక్కనున్నవాణ్ణి పిలిచి, "టిక్కుమందేటి? ఇన్నావా?" అని సాక్ష్యం అడిగేవాడు. విన్నామంటేనే రెండోది పెట్టేవాడు.

మా పన్నెండు సర్వర్లలో ఒక్కోదాని లోపల లైన్లు కలిపే సాఫ్ట్‌వేర్ స్విచ్ ఒక్కోటి ఉండేది, ఎవరి పొయ్యి వారిదే అన్నట్టు. వాటిని తీసేసి, అన్నిటికీ కలిపి ఒకే డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్ మీదికి మార్చాలి. సర్వరుకు రెండేసి కేబుళ్లు. ముందు ఒకదాన్ని కొత్త స్విచ్‌కి ఇచ్చి, అది పనిచేస్తోందని చూసుకున్నాకే రెండోది ఇవ్వాలి. శనివారం పొద్దున దాదా ఆ మాటే అన్నాడు.

"బావూ, రెండూ ఒక్కపాలే మార్సీకు. ఒకటి పాతదాని మీద ఉండనీ."

"దాదా, పరీక్ష రాసింది నేనా, మీరా?"

"నువ్వే బావూ. నేనేటి సెప్తాను, ఎల్లి ఎనకాల నిలబడతాను."

మధ్యాహ్నం భవానీపూర్‌లో ఆయన ఇంట్లో నాకు భోజనం. వదిన పార్శే చేపల పులుసు పెడుతోంది. ఒక్కో కేబులు చొప్పున ఇరవైనాలుగుసార్లు మారుస్తూ కూర్చుంటే పులుసు చల్లారదూ? స్క్రీను మీద మొదటి సర్వరుకు రెండు కేబుళ్ల గడుల్లోనూ ఒకేసారి టిక్కు పెట్టి, నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్ కొట్టాను. అన్నిటినీ నడిపించే కంట్రోల్ సర్వరు కూడా ఆ మొదటిదాని లోపలే కూర్చుని ఉందన్న సంగతి, అది మాయమయ్యాక గుర్తొచ్చింది. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు లాగేశాను.

మేనేజరు (బెంగాలీ పెద్దమనిషి, కోపం వస్తే కళ్లద్దాలు తుడుచుకునేవాడు) ఫోను చేశాడు. "కీ హోలో? సబ్ బంద్!" అంతా ఆగిపోయిందట, ఏమైందని గద్దించాడు. సర్వర్ రూములోకి పరిగెత్తాను. సర్వరుకు నేరుగా తగిలించిన స్క్రీను నుంచి పాత స్విచ్‌కి తిరిగి రావడానికి దారి ఉంది. తప్పు నాదని చెప్పి ఆ పని చేసి ఉంటే సరిపోయేది. కానీ బయట మేనేజరు బూట్ల చప్పుడు దగ్గరవుతోంది.

"దాదా, వెనకాల కేబుళ్లు ఓసారి తీసి పెట్టండి!" అని అరిచాను.

ఆయన వెనకాల తీసి పెడుతుండగా నేను ముందువైపు స్క్రీను మీద పాత స్విచ్‌కి మార్చి ఎంటర్ కొట్టాను. అన్నీ లేచి కూర్చున్నాయి.

"వచ్చీసింది బావూ!" అని దాదా సంబరంగా కేకేశాడు.

మేనేజరు తలుపు తీశాడు. ఏమైందని అడక్కముందే నా నోరు పలికింది. "కేబుల్ లూజ్ థా సార్." కేబులు వదులైందన్నాను. ఏ కేబులూ వదులు కాలేదు.

దాదా ర్యాకు వెనకనుంచి వచ్చాడు. నా వైపు చూడలేదు. తన వేళ్ల వైపు చూసుకున్నాడు. (ఆ మధ్యాహ్నం వాళ్లింట్లో పులుసు రెండుసార్లు వడ్డించుకున్నాను. అదీ రాసేయాలి.)

ఆ నెల పర్మనెంటు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. రెండేళ్లు చూసి దాదా ఉద్యోగం మానేసి, వాళ్ల సందులోనే చిన్న రిపేరు దుకాణం పెట్టుకున్నాడు. నేను న్యూ టౌన్‌లో పెద్ద కుర్చీలోకి మారాను. ఇది రాయడం మొదలుపెట్టాకే, రిటైరైన మేనేజరుకు జరిగిందంతా ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

ఇంతవరకూ రాసి, దాదా చదవలేడు కనుక, మొన్న ఆదివారం నేనే వెళ్లి వినిపించాను. తలెత్తకుండా చదివాను. అయిపోయాక ఆయన తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు.

"అంటే... నా సెయ్యి కాదా?"

"కాదు దాదా. నేనే."

"ఇన్నేళ్లూ నా సెయ్యే తప్పినాదనుకున్నాను కదరా."

ఆయన నన్ను 'రా' అనడం అదే మొదలు.

"తిట్టండి దాదా."

"తిట్టడం తరవాత. మీ వొదిన కూడా అలగే అనుకుంటంది. కేబులు వొదులు కాదన్న ముక్క మళ్లీ సదువు. వంటింట్లోకి ఇనబడాల."

ఆనాడు మేనేజరు ముందు ఒక్క నిజానికి నోరు పెగలని కుర్రాడు, నలభై దాటి, బట్టతలతో, చత్వారపు కళ్లద్దాలు సర్దుకుంటూ బడిపిల్లాడిలా పాఠం అప్పజెప్పాడు.

"ఇంకా గట్టిగా," అన్నాడు దాదా.

లేచి నిలబడి, గొంతు సవరించుకుని మళ్లీ చదివాను. వంటింట్లో కుళాయి చప్పుడు ఆగింది.