డబ్బా మీది పేరు

కళ్లె పరీక్షల గది దగ్గర ల్యాబు మేడమ్ మొహం కనపడకముందే గొంతు వినపడుతుంది. "ఉమ్మి కాదయ్యా, లోపల్నుంచి దగ్గి తీసిన కళ్లె కావాలి! పొద్దున్నే, లేచీ లేవగానే!" ఇరవయ్యేళ్లుగా అదే అరుపు. మైక్రోస్కోపులోకి వంగి వంగి మెడ ముందుకి పొడుచుకొచ్చింది, చెవుల వెనక మాస్కు తాడు కాయలు కాయించింది. వట్టి ఉమ్మి తెచ్చినవాడి డబ్బాని రెండు వేళ్లతో వెనక్కి తోసేస్తుంది. క్షయ అని తేలినవాళ్ల మీద మాత్రం అరవదు. కుర్చీ చూపిస్తుంది.

ఆ రోజు ఓ ఇల్లాలికి అలాగే కుర్చీ చూపించి, "మీ ఆయనకి క్షయేనమ్మా. ఆర్నెల్లు మానకుండా మందులేసుకుంటే తగ్గిపోతుంది," అంది. ఆ ఇల్లాలు చేతిసంచి నలుపుతూ కూర్చుంది. "ఆ కళ్లె నాదండీ. ఆయన పొద్దున్నే లేవరు. నాకూ దగ్గే కదా అని నేనే ఇచ్చేశాను." మేడమ్ ఆమె కుర్చీ దగ్గరికి జరిగింది. "నీకెన్నాళ్ల నుంచి?" "ఆయనకంటే ముందు నుంచేనండీ. ఆయన నిద్ర పాడవకుండా వంటింట్లోకెళ్లి తలుపేసుకుని దగ్గుతాను." అంతలోనే ఇల్లాలి మొహం విప్పారింది. "అయితే ఆయనకి లేనట్టేగా?" మేడమ్ పెన్ను తీసి, డబ్బాకంటించిన చీటీ మీద మగాడి పేరుని కాగితం చిరిగేదాకా కొట్టేసింది. "ఆయన్ని రేపు తనే వచ్చి దగ్గమను! ముందు నీ పేరు చెప్పు!"