బండల మీద ఆరేసిన తోలు

పదిహేనేళ్లుగా ఒక సంగతిని మింగలేక కక్కలేక బతుకుతున్నాను. అబద్ధమాడాను అని ఒక్క ముక్కలో చెప్పేస్తే సులువుగా పోతుంది. కానీ ఆ రోజు నేను ఆడిన మాటల్లో చివరిది నిజమే. మనిషిని ముంచింది ఆ నిజమే. అందుకే దీన్ని ఏమని పిలవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెబుతున్నాను. తెలిసినవాళ్ల మొహం చూసి చెప్పే దమ్ముంటే ఈ కాగితాలతో పనేముంది? నా పేరు రాయను. పిరికితనం అనుకోండి, కాదనను.

కర్నూలులో ఒక వకీలుగారి దగ్గర కారు డ్రైవరుగా ఉండేవాణ్ణి. పెళ్లీ పెటాకులూ లేవు. కారు షెడ్డుకు ఆనుకొని ఒక గది, అందులో ఒక మంచం, ఒక కుంపటి. నా ఉద్యోగంలో కారు నడిపింది తక్కువ, కోర్టు బయట కారులో ఒంటరిగా కూర్చుని ఎదురుచూసింది ఎక్కువ. జట్కావాళ్లు చెట్టు కింద చేరి నవ్వుకుంటూ బీడీలు కాల్చుకునేవాళ్లు. నేను కారు డ్రైవర్ని కదా, వాళ్లతో కలిస్తే నా హోదా ఏం కావాలి? అట్లా బిగుసుకొని కూర్చునేవాణ్ణి. చేరదీసేవాళ్లు లేక కాదు, నా పొగరే నన్ను ఒంటరివాణ్ణి చేసింది.

ఆ కారు దేశం విడిచిపోతున్న ఒక తెల్లదొర దగ్గర వకీలుగారు కొన్నది. లోపల సీట్లన్నీ తోలువే, కొత్త చింతపండు రంగు, చెయ్యి వేస్తే జారిపోయేంత నునుపు. వకీలుగారికి ఇంజను సంగతి పట్టదు, ఆ సీట్లంటే ప్రాణం. నీళ్ల చెంబు చేతిలో ఉంటే సొంత భార్యనైనా ఎక్కనిచ్చేవారు కాదు. పైన గుడ్డ టాపు లేకుండా కారు గేటు దాటకూడదని నాకు గట్టి ఆజ్ఞ.

ఒక ఎండాకాలం ఆయన ఏదో పెద్ద దావా మీద పది రోజులకు కడపకు రైల్లో పోయారు. కారు నా చేతిలో పెట్టి పోయారు. ఓర్వకల్లు దగ్గర పొట్టేళ్ల పందెం ఉందని విన్నాను. పోయాను. ఎవరినీ అడగలేదు. అంతటితో ఆగానా? టాపు విప్పి షెడ్డులో పడేసి పోయాను, దారిలో వాళ్లంతా నన్ను బాగా చూడాలని! ముప్పై ఏళ్లు దాటిన మనిషిని, చూడండి నా వేషం.

కారును గుట్ట పక్కన నిలిపి పందెం దగ్గర గుంపులో దూరాను. మధ్యాహ్నం దాటాక ఉరిమింది. విన్నాను. కదలలేదు. మా వైపు వానంటే ఏముంది, నాలుగు చినుకులు, కాస్త మట్టివాసన, మళ్లీ మామూలే. ఆ ధీమాతోనే నిలబడ్డాను. ఆ రోజు మాత్రం కుండలతో కుమ్మరించినట్టు కురిసింది. రెండు పొలాలు దాటి నేను పరుగెత్తి చేరుకునేసరికి సీట్ల మీద నీళ్లు మడుగులు కట్టి ఉన్నాయి. దోసిళ్లతో ఎత్తి పోశాను. నా పంచె విప్పి తుడిచాను. తుడిచేకొద్దీ కుట్లలోంచి నీళ్లు ఊరుతూనే వచ్చాయి.

ఇల్లు చేరాక కారును షెడ్డులో పెట్టి తలుపు వేశాను. తెల్లారేసరికి తోలు ఉబ్బి, లోపలి పీచు ముక్కిన వాసన కొడుతోంది. ఉద్యోగం పోతుంది, గది పోతుంది. ఇంకెక్కడికి పోవాలి? ఎవరున్నారని పోవాలి?

అప్పుడు యాకోబును పిలుచుకొచ్చాను. నందికొట్కూరు దగ్గరి పల్లె అతనిది, కిరస్తానీ కుటుంబం. ఊళ్లో జట్కా గుర్రాల జీన్లు, పట్టీలు సగం అతని చేతివే. నాకంటే పదేళ్లు పెద్ద. వీధి గేటులోంచి రానివ్వరు కాబట్టి పెరటి దిడ్డి గుండా షెడ్డులోకి వచ్చాడు. సీటు మీద అరచెయ్యి ఆనించి, జ్వరం వచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు చాలాసేపు అట్లాగే ఉన్నాడు. తర్వాత మేకులు ఒక్కొక్కటే ఊడదీసి, తోలును విడదీసి, పీచంతా బయటికి లాగాడు.

"బతుకుతాది లేప్పా. అయితే నీడలోనే ఆరల్ల. ఎండ పొడ సోకితే సచ్చినట్టే. తడి శానా ఉండాది. ఆరేకొద్దీ ఆముదం రోంత రోంత పట్టిస్తా రావల్ల. తొందరపడితే పనికాదు, వారం పడతాది" అన్నాడు.

వానలో తడిసిందని ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను. నిజంగానే కాళ్లు పట్టుకోబోయాను. అతను చటుక్కున వెనక్కి జరిగి, "లెయ్యప్పా, లెయ్. చెప్పనులే. మాటిస్తాండా" అన్నాడు.

నాలుగు రోజులు పొద్దున్నే వచ్చాడు. షెడ్డులో దండేనికి వేలాడే తోలును ఆముదం గుడ్డతో రుద్దుతూ కబుర్లు చెప్పేవాడు. భార్య చేసే ఉలవచారు గురించి, జీను వేస్తే కరిచే ఒక గుర్రం గురించి, ఆదివారం ప్రార్థనలో తన పాట విని పక్కవాళ్లు నవ్వడం గురించి. మూడో రోజు నేను రెండు గ్లాసుల కాఫీ కాచాను. నా గదిలో రెండో గ్లాసు వాడింది అదే మొదటిసారి. తెల్లారితే ఒక మనిషి నాకోసం వస్తాడు అన్న ఊహ ఎంత హాయిగా ఉండేదో! అట్లాంటివాణ్ణి నేనేం చేశానో ఇప్పుడు చెప్పాలి. చెయ్యి సాగడం లేదు.

శనివారం పొద్దున అతను పల్లెకు బయలుదేరాడు. ఆదివారం చర్చి తప్పడు. సోమవారం వచ్చేదాకా తోలు ముట్టొద్దని నాకు రెండుసార్లు చెప్పి పోయాడు. ఆ మధ్యాహ్నమే వకీలుగారి కార్డు వచ్చింది. దావా ముందే తేలిపోయింది, ఆదివారం సాయంత్రం రైలుకు వస్తున్నాను, స్టేషనుకు కారు తీసుకురా అని.

తోలు ఇంకా పచ్చిగానే ఉంది. నాకు మతి పోయింది. వకీలుగారి పెరట్లో నల్లటి కడప బండలు పరిచి ఉంటాయి. మిరపకాయలు, వడియాలు, శనక్కాయలు, దుప్పట్లు, తడి అన్నది ఏదున్నా మేం తెచ్చి పరిచేది ఆ బండల మీదే. ఒక్క పూటలో గలగలమంటాయి. పుట్టినప్పటినుంచి చూస్తున్నది అదే. ఎండ సోకితే సచ్చినట్టే అన్న మాట చెవిలో ఉంది. ఉన్నా, ఎండలో ఆరనిది ఏముంటుంది అని నా బుద్ధి అంటోంది. మనిషి మాట వినాలా, నా బుద్ధి వినాలా? ఆదివారం పొద్దున తోలు తెచ్చి బండల మీద పరిచాను. కదలకుండా అంచుల మీద రాళ్లు కూడా పెట్టాను.

మూడు గంటల్లో ఆరింది. ఆరిందంటే ఎట్లా ఆరింది, పట్టుకుంటే కట్టెలా వచ్చింది. కుంచించుకుపోయి చట్రానికి అందలేదు. గుంజి మేకులు కొట్టాను. కొట్టినచోటల్లా చిరిగింది. చివరికి పైన దుప్పటి పరిచి స్టేషనుకు పోయాను.

వకీలుగారు ఎక్కి కూర్చోగానే అప్పడం విరిగినట్టు చప్పుడు. దుప్పటి ఎత్తి చూశారు. "ఏమిరా ఇది?" అన్నారు.

నేను తల కూడా తిప్పలేదు. చక్రం పట్టుకొని రోడ్డునే చూస్తూ అన్నాను. సీట్లకు నూనె పట్టిస్తే మెరుస్తాయని యాకోబు అనే తోలుపనివాడు చెబితే నమ్మాను సామీ, ఏం పూశాడో ఏమో, ఇట్లా అయిపోయింది అని. తడుముకోలేదు. ఇంత చక్కటి అబద్ధం నా లోపల ఎప్పటినుంచి సిద్ధంగా ఉందో! దారి పొడుగునా చెమట పట్టింది కానీ, ఉద్యోగం దక్కింది అన్న సంతోషం కూడా కలిగింది. కలగలేదంటే అదొక అబద్ధమవుతుంది.

సోమవారం యాకోబు ఎప్పటిలాగే పనిముట్ల సంచీతో దిడ్డి దగ్గరికి వచ్చాడు. వకీలుగారు అరుగు మీద నిలబడి ఉన్నారు, గుమాస్తా పక్కన ఉన్నాడు. సీటు బయట పడేసి ఉంది. యాకోబు దాన్ని చూశాడు. నా వైపు చూడలేదు, పెరట్లో బండల వైపు చూశాడు. అతనికి అంతా అర్థమైందని నాకప్పుడే తెలిసింది.

"ఎవడు చేసిన పనిరా ఇది?" అన్నారు వకీలుగారు.

యాకోబు నా వైపు తిరిగాడు. "నువ్వే చెప్పప్పా, నేనేం జేసినానో" అన్నాడు.

కోపం లేదు ఆ గొంతులో. నాకు దారి ఇస్తున్నాడు. నేను చెప్పవలసింది నేనే చెప్పుకోవాలని వదిలిపెట్టాడు. ఆ దారి ఎంత వెడల్పుగా ఉండిందో ఇన్నేళ్లుగా కొలుస్తూనే ఉన్నాను. ఒక్క మాట చాలు. వాన. ఆ మాటన్నా చాలు.

నేను అన్నాను: "ఆముదం పూసింది నువ్వు కాదా?"

అతను సంచీ కింద పెట్టాడు. "పూసినా" అన్నాడు.

"ఇంకేం, చాలు" అన్నారు వకీలుగారు.

అంతే. వానలో తడిసిందని అతనెందుకు చెప్పలేదు? ఎవరికీ చెప్పనని నాకు మాట ఇచ్చాడు, అందుకు. పూయలేదని ఎందుకు బొంకలేదు? బొంకడం చేతకాదు, అందుకు. ఈ రెండూ నాకు తెలుసు. తెలిసే ఆ ప్రశ్న అడిగాను. అతను ఎటూ పోలేని చోటు చూసి మరీ కొట్టాను. భయంతో నోరుజారిందని పదేళ్లు నాకు నేను చెప్పుకున్నాను. జారలేదు. ఏరుకొని అన్నాను.

వకీలుగారు చెయ్యి చేసుకోలేదు. అంతకంటే ఎక్కువే చేశారు. కోర్టులో కనబడ్డ ప్రతివాడికీ చెప్పారు. బయట చెట్టు కింద జట్కావాళ్లు విన్నారు. వకీలుగారి కారు తోలునే తగలేసినవాడికి మన జీన్లు ఇస్తామా అనుకున్నారు. నెల తిరిగేసరికి యాకోబుకు పని లేదు. మరో రెండు నెలలకు భార్యను వెంటబెట్టుకొని ఊరు విడిచాడు. మద్రాసు వైపు తోళ్ల కార్ఖానాకు పోయాడని ఒకరన్నారు, కోలారు గనుల్లో దిగాడని ఒకరన్నారు. నేను ఒకసారి వెతుకుదామని బయలుదేరి నందికొట్కూరు దాకా పోయి, బస్సు దిగకుండానే, అదే బస్సులో వెనక్కి వచ్చాను. దిగి ఏం చెప్పాలి? ఎవరికి చెప్పాలి?

ఆ రెండో గ్లాసును ఎవరికో ఇచ్చేశాను. తర్వాత ఎవరితోనూ కూర్చోలేకపోయాను. ఎవరైనా కాస్త ప్రేమగా మాట్లాడితే, వీడి దగ్గర నుంచి నేనేం కాజేస్తానో అని నా మీద నాకే అనుమానం. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క కారు మూలపడింది. పోయిన ఏడు వకీలుగారు కాలం చేశారు. ఇన్నాళ్లూ ఆయనకు భయపడే నోరు విప్పలేదని అనుకున్నాను కదా, ఆయన పోయాక విప్పానా? లేదు. అంటే భయం ఒక సాకు. నేను మంచివాణ్ణని నలుగురూ అనుకోవడం నాకు బాగుండింది, అంతే.

పోయిన వారం జట్కా ఎక్కాను. బండివాడు కుర్ర వయసు తురకాయన, ఓర్వకల్లువాడు. గుర్రం పట్టీ పుటుక్కున తెగింది. దిగి దాన్ని చేతిలోకి తీసుకొని, "థూ, యాకోబు పని!" అన్నాడు.

యాకోబు ఎవరని అడిగాను.

"ఎవరో నాకేం తెల్సప్పా. తోలు పాడైతే ఈడ అందరూ అట్లనే అంటారు. పూర్వం ఎవరో ఉండేవాడంట, ముట్టుకున్న తోలల్లా చెడగొట్టేటోడంట" అన్నాడు నవ్వుతూ.

అతన్ని చూడనివాళ్లు, అతను ఊళ్లో ఉన్నప్పుడు ఇంకా ఊహ కూడా తెలియనివాళ్లు, రోజూ అతని పేరు మీద ఉమ్మేస్తున్నారు. ఊరంతటికీ ఆ మాట నేర్పింది నేను. బండివాడికి చెప్పాలని నోరు తెరిచాను. "త్వరగా కానీ, ఆలస్యమవుతోంది" అన్నాను. చూశారా? ఇంత జరిగాక కూడా!

ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. మూడు రోజులు పట్టింది. క్షమించమని మిమ్మల్ని అడగను, అది ఇవ్వగలవాడు ఉన్నాడో లేడో తెలియదు. ఉన్నా అడిగే మొహం నాకు లేదు. కానీ రాస్తుంటే మొదటిసారి ఊపిరి ఆడినట్టుంది. మీరెప్పుడైనా కర్నూలులో జట్కా ఎక్కి ఆ మాట వింటే, నేను అనలేకపోయింది మీరు అనండి. యాకోబు ఏ తోలూ చెడగొట్టలేదు. అది తడిసింది నా వల్ల, ఎండింది నా వల్ల. ఆ పని నాది.