మిద్దె మీది నడకల పాఠం

నా చిన్నప్పుడు ఇంగ్లీషు పీరియడ్ అంటే నాకు జ్వరమొచ్చేది. ఆ జ్వరం దించింది మా పక్కింటి అక్క. దొర్నిపాడుకు కొంచెం ఇవతల, కుందూ ఏటికి దగ్గరగా ఉండే పల్లె మాది. అక్కావాళ్ళ నాయన చర్చి బడిలో పంతులు. అక్క నంద్యాలలో టీచరు చదువు ముగించి ఆళ్ళగడ్డలో ఒక బడిలో చేరింది. శనివారం సాయంత్రానికి ఊరికొచ్చేది, వచ్చీ రాగానే నన్ను మిద్దె ఎక్కించేది. పుస్తకం మాత్రం తెచ్చేది కాదు.

మా మట్టిమిద్దె మీద నిలబడితే చేలలోంచి ఏటి దాకా పోయే బండిదారి కనిపిస్తుంది. ఆ దారిన వచ్చే మనిషిని చూపించి "ఎట్ల నడుస్తాండాడు?" అని అడిగేది. వాక్ అని చెబితే ఒప్పుకునేది కాదు. అందరూ చేసేది అదే, ఈ మనిషి నడక చెప్పమనేది. పని లేక షికారుగా పోయేవాడిది స్ట్రోల్. అలసిపోయి కాళ్ళీడ్చుకుంటూ వచ్చేవాడిది ట్రడ్జ్. కుంటేవాడిది లింప్. తూలేవాడిది స్టాగర్, ఆ మాట నేర్పడానికి మా ఊరి సారాయి అంగడి అక్కకు బాగా సాయపడింది. వెనక వచ్చేవాళ్ళకు దారి చూపిస్తూ, ఆగి ఆగి ముందు నడిచేవాడు లీడ్ చేస్తున్నట్టు. ఇన్ని మాటలు తెలుగులో లేవు కదా అని ఒకసారి ఎదురు తిరిగాను. "ఎందుకు లేవు? నువ్వు చూడవు, అందుకే నీ నోటికి రావు" అంది. ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు మా వీధిలో ఎవరూ లేరు.

వానాకాలంలో ఈ పరీక్ష మరీ కష్టం. మాది నల్లరేగడి. నాలుగు చినుకులు పడితే చాలు, అడుగుకు ఇంత బంకమన్ను కాలికి అంటుకుంటుంది. చెప్పులు వేసుకుని నడిస్తే చెప్పులు మట్టిలోనే ఉండిపోతాయి. అందుకని అందరూ వాటిని విప్పి చేత పట్టుకుని, కాలు పెరుక్కుంటూ నడుస్తారు. పైనుంచి చూస్తే అందరి నడకా ఒకేలా కనిపిస్తుంది.

అలాంటి ఒక ముసురు ఆదివారం మా నాయనా, చిన్నాయనా పొద్దున్నే చేనికి పోయారు. చేను ఏటి గట్టుకు ఆనుకునే ఉంటుంది. పైరులో నిలిచిన నీళ్ళు పోవడానికి చేని గట్టు తెగ్గొట్టి వస్తామన్నారు. మధ్యాహ్నం అన్నాల వేళ దాటినా రాలేదు. ఇంతలో కోయిలకుంట్ల బస్సు దిగినాయన ఒకడు "ఏట్లో ఎవరో కొట్టకపోయినారంట" అని ఒక మాట పారేసి పోయాడు. ఎవరప్పా, యాడ అంటే తెలీదు. ఇలాంటివాళ్ళకు తెలిసేది సగం మాటే, కానీ దాన్ని ఊరంతా పంచేదాకా కాళ్ళు నిలవవు.

మగవాళ్ళు తాళ్ళు తీసుకుని రేవు వైపు పరిగెత్తారు. మా అమ్మ వీధి చివరికి పోయి బండిదారి వైపు చూస్తూ నిలబడింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఆమె చుట్టూ చేరారు. వాళ్ళు అలా చేరుతుంటేనే నాకు భయమేసింది. అక్క వచ్చి నా చెయ్యి పట్టుకుని మిద్దె మీదికి తీసుకుపోయింది. ఇద్దరం బండిదారినే చూస్తూ నిలబడ్డాం. వాన తగ్గింది, పొద్దు వాలుతోంది.

దారి మలుపులో తుమ్మచెట్ల సందు నుంచి ఒక మనిషి బయటికి వచ్చాడు. మా చిన్నాయన. ఒక్కడే. రెండు చేతుల్లోనూ చెప్పులున్నాయి. ఒక జత ఆయనది. రెండోది నాయనది, కొత్తగా ఎర్ర తోలు వారు వేయించిన జత.

మా వైపు చెప్పులు ఎవరివి వాళ్ళే మోసుకుంటారు. అన్నవైనా సరే తమ్ముడు చేత పట్టడు. మనిషి పోయినప్పుడు మాత్రమే అతని చెప్పులు వేరేవాళ్ళ చేతిలో ఇల్లు చేరతాయి. అది ఎవరూ ఎవరికీ చెప్పరు, పిల్లలకు కూడా తెలుసు. కింద అమ్మ కూడా చూసింది. ఆమె గొంతులోంచి వచ్చిన కేక నేను ఇప్పటికీ మరిచిపోలేదు. అక్కడే మట్టిలో కూలబడింది. ఒక ముసలామె అప్పుడే అమ్మ చెయ్యి దగ్గరికి లాక్కుని గాజుల మీద చెయ్యి వేసింది.

నేను దిగబోయాను. అక్క నా భుజం పట్టుకుంది. "పాపా, మీ చిన్నాయన ఎట్ల నడుస్తాండాడో చెప్పు" అంది. ఈ వేళప్పుడు కూడా పాఠమా అని నాకు ఒళ్ళు మండింది. చెయ్యి విదిలించాను. వదల్లేదు. "చెప్పులు కాదు, కాళ్ళు చూసి చెప్పు" అని గట్టిగా అరిచింది.

కళ్ళు తుడుచుకుని చూశాను. ట్రడ్జ్ అన్నాను. మళ్ళీ చూడమంది. ఈసారి చూస్తే, చిన్నాయన కొంచెం నడిచి ఆగుతున్నాడు. ముందు కాలితో మట్టి నొక్కి చూస్తున్నాడు. గట్టిగా ఉన్న చోటికి జరిగి, వెనక్కి తిరిగి నిలబడుతున్నాడు. చావు కబురు మోసుకొచ్చేవాడు వెనక్కి తిరిగి ఎవరి కోసం ఆగుతాడు?

"అక్కా, లీడ్! వెనక ఎవరో ఉండారు!"

అక్క పిట్టగోడ మీదికి వంగి "గాజులు ముట్టొద్దు! వెనక మనిషి వస్తాండాడంట, ఆగండి!" అని కేక పెట్టింది. ముసలామె చెయ్యి ఆగింది. తుమ్మచెట్ల సందు నుంచి నాయన వచ్చాడు, తూలుతూ, నడుం వంగిపోయి. వీపు మీద గొర్రెలు కాసే తాత ఉన్నాడు. ఏట్లో కొట్టుకుపోయింది ఆ తాతే. మా చేని దగ్గర కంప పట్టుకుని వేలాడుతుంటే వీళ్ళిద్దరూ లాగారట. తాతకు కాలు విరిగింది. నాయన రెండు చేతులూ ఆయన్ను పట్టుకోవడానికే సరిపోయాయి, అందుకని చెప్పులు తమ్ముడు తెచ్చాడు.

అమ్మ లేచి పరిగెత్తింది. పోయి నాయనను ముందు తిట్టింది, తర్వాత ఏడ్చింది.

నేను ఎగిరి గంతేసి అక్క వైపు తిరిగాను. ఆమె మిద్దె మీద చతికిలబడి ఉంది. నాయన బతికే ఉన్నాడని నీకు ముందే తెలుసా అని అడిగాను. "లేదు పాపా. చెప్పులు కనపడంగానే నేను కళ్ళు మూసుకున్నా. చూసే ధైర్యం లేకనే నిన్ను అడిగినా" అంది.

అన్నీ తెలిసినామె అనుకున్న మా అక్క ఆ మాట అనడం నాకు మొదట నచ్చలేదు. పెద్దవాళ్ళకు భయం ఉండకూడదని అప్పటి నా లెక్క. తర్వాత సంసారంలో పడి, భయాలు నా ఇంటికే వచ్చాక గాని ఆ మాట విలువ తెలియలేదు.

పోయిన ఏడాది నంద్యాలలో మా ఆయనకు గుండె ఆపరేషను జరిగింది. లోపలి తలుపు తెరుచుకుని డాక్టరు బయటికొచ్చాడు. నేను కళ్ళు మూసేసుకున్నాను. ఇంత వయసొచ్చినా తెరవలేకపోయాను. పక్కన మా మనవరాలు కూర్చుని ఉంది. దాని చెయ్యి పట్టుకుని "ఎట్ల నడుస్తాండాడో చెప్పమ్మా" అని అడిగాను. అది ముందుకు వంగి డాక్టరు కాళ్ళ వైపు చూసింది.

"నింపాదిగానే వస్తాండాడవ్వా. మన వైపే చూస్తా వస్తాండాడు" అంది.

అప్పుడు కళ్ళు తెరిచాను.