నేనొప్పుకున్నది రాజీకి

పటేలు చెయ్యి నేను విరగ్గొట్టలేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తాండూరు కోర్టు కాగితంలో నేనే విరగ్గొట్టానని రాసి ఉంది.

పెద్దేముల్ అవతల మా గొర్రెలు ఆయన కందిచేనులో పడ్డాయి. అంతవరకు నిజం. ఆయన కట్టె పట్టుకుని నా మీదికి ఉరికొచ్చాడు, తడిసిన గట్టు మీద కాలు జారి పడ్డాడు, చెయ్యి విరిగింది. గొర్రెలు కాసే ఆడది నెట్టేసిందని చెప్పుకోవడానికి మామూలుగా ఏ మగాడికైనా సిగ్గేస్తుంది. ఆయనకు వేయలేదు. పోలీసులకు అదే చెప్పాడు.

ఇక వాయిదాల మీద వాయిదాలు. గొర్రెల్ని ఎవరికో అప్పజెప్పి, షేర్ ఆటోలో ఇరుక్కుని తాండూరు పోయి, పొద్దంతా కోర్టు వరండాలో కూర్చుని రావడం. విసిగిపోయాను. ఒకరోజు మా వకీలు సాబ్ అన్నాడు: "ఒప్పుకో చెల్లె. పటేలు గూడ రాజీకొచ్చిండు. జైలుండదు, ఇయ్యాల్టితోని ఒడుస్తది."

మా ఊళ్లో పంచాయితీ తెగేది ఆ మాటతోనే. పెద్దమనుషులు ఇద్దర్నీ "ఒప్పుకున్నరా?" అని అడుగుతారు. ఇద్దరూ "ఒప్పుకున్నం" అంటారు. తప్పెవరిదో ఎవరూ తేల్చరు, చాయ తాగి ఇళ్లకు పోతారు. కోర్టులోనూ అంతే అనుకున్నాను. ఇంగ్లీషు కాగితాల మీద చూపించిన చోటల్లా సంతకం పెట్టాను. జడ్జి గారు పటేలును బయటికి పంపి నన్నొక్కదాన్నే అడిగారు.

"మీ ఇష్టంతోనే ఒప్పుకుంటున్నారా? ఎవరైనా బలవంతపెట్టారా?"

"లేదు సార్. నా ఇష్టంతోనే ఒప్పుకున్న."

ఎంత ధైర్యంగా చెప్పానో! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మంచి నడవడికతో ఉండమని చెప్పి వదిలేశారు. బస్టాండులో పటేలు మనుషులు నన్ను చూసి, చేసింది ఒప్పుకుందంటూ నవ్వుతుంటే అప్పుడు తెలిసింది, నేను ఒప్పుకున్నది రాజీకి కాదట, నేరాన్నట.

"ఇంటికొచ్చినవ్ గద, ఇంక ఫికరెందుకు?" అన్నాడు మా ఆయన.

"నేరం నీ పేరు మీదుంటే తెలుస్తుండె" అన్నాను.

వికారాబాద్‌లో ఇంకో వకీలు దగ్గరికి పోయాను. చిన్న వయసు అమ్మాయి. కాగితాలన్నీ చదివింది. "రాజీ అయితే కేసే పోతుండె అక్కా. గిది ప్లీ బార్గెయినింగ్. నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గిస్తరు. గిసోంటి తీర్పు మీద అప్పీలుండదు."

"మనిషిని పొడిచినోనికి గూడ అప్పీలుంటది గద. నాకు లేదా?"

"వాడు ఒప్పుకోడు గదక్కా."

ఆమె ఉన్నమాటే చెప్పింది. నాకు మాత్రం కోపమూ నవ్వూ కలిసే వచ్చాయి. కాదు కాదని మొండికేసినవాడికి పై కోర్టు ఉందట, ఇష్టంతో ఒప్పుకున్న నాకు లేదట! సరే, నేనూ మొండికేశాను. ఇంకో తొవ్వ చూపించేదాకా కుర్చీలోంచి లేవలేదు. హైకోర్టులో రిట్ వేయొచ్చు, అర్థం కాక ఒప్పుకున్నానని అక్కడ చెప్పుకోవాలి, గెలుస్తామన్న భరోసా మాత్రం లేదు అంది. వేయమన్నాను.

ఈసారి ప్రతి ముక్కా తెలుగులో చదివించుకున్నాను. గట్టు మాట దగ్గరికొచ్చేసరికి, తడిసిన గట్టు అని రాస్తే గానీ ముందుకు పోనివ్వలేదు. అంతా అయ్యాక పెన్ను నా చేతికిచ్చి, అలవాటు కొద్దీ అడిగింది.

"సమజైంది గదక్కా? ఒప్పుకున్నట్టేనా?"

పెన్ను కింద పెట్టాను.

"సంతకం పెడత. గా మాట మాత్రం మళ్ల నా నోట రాదు. ఇది నిజం అని రాస్కో."